కడుపులో అల్సర్ ఎందుకు వస్తుంది? కారాన్నీ టెన్షన్‌నీ తిట్టే ముందు చూసుకోవాల్సిన రెండు సంగతులు

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోండి. వయసు 34. రెండు నెలలుగా అర్ధరాత్రి దాటాక కడుపులో మంట, నొప్పి, ఏదైనా తింటే కాస్త సర్దుకుంటోంది. ఎండోస్కోపీ (నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష) చేసి డుయోడినమ్‌లో, అంటే కడుపు అయిపోయి చిన్నపేగు మొదలయ్యే చోట, అల్సర్ ఉందన్నారు. సిగరెట్ లేదు, తాగుడు లేదు, కారం కూడా అంతంతమాత్రమే. వేళకు తినకపోవడం వల్లే అని ఇంట్లోవాళ్లు, టెన్షన్ వల్లే అని ఆఫీసులోవాళ్లు. ఆ టెన్షన్‌తో తరచూ తలనొప్పి కూడా వస్తోందని మధ్యలో ఒక ముక్క రాశారు. అసలు కారణం ఏది, ఉద్యోగం మారితే తగ్గుతుందా అన్నది ప్రశ్న.

ఉద్యోగం మారాలనుంటే మారండి, అల్సర్ కోసమైతే అక్కర్లేదు. కడుపులో గానీ డుయోడినమ్‌లో గానీ వచ్చే అల్సర్లలో చాలావాటికి కారణాలు రెండే: ఒకటి హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, రెండోది నొప్పి మాత్రలు. కొందరిలో రెండూ కలిసే ఉంటాయి. కారం, కాఫీ, పస్తులు, టెన్షన్ వీటి మీద నేరం మోపే ముందు ఆ రెండూ లేవని తేల్చుకోవాలి. అది తేల్చుకోకుండా ఏళ్ల తరబడి యాసిడ్ మాత్రలు మింగుతున్నవాళ్లు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. ఎండోస్కోపీలు చేయడమే నా రోజువారీ పని, ఇరవై ఏళ్లు దాటింది.

ముందు అల్సర్ అంటే ఏమిటో కళ్లకు కట్టేలా చెప్తాను. నోట్లో పుండు పడినప్పుడు అద్దంలో చూసుకునే ఉంటారు: మధ్యలో తెల్లగా చిన్న గుంట, చుట్టూ ఎర్రగా ఉబ్బిన అంచు. కెమెరాలో కడుపు అల్సర్ కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది, కాకపోతే ఇంకా లోతు. పైపైన గీరుకుపోతే దాన్ని ఎరోజన్ అంటాం, అది లోపలి పొరను దాటి కిందికి దిగితేనే అల్సర్. ఇంకా దిగితే కింద రక్తనాళం ఉండొచ్చు. అప్పుడే రక్తస్రావం. ఇంకా దిగితే గోడకు చిల్లు.

ఇక్కడ అసలు వింత ఏమిటంటే, మనందరికీ అల్సర్ ఎందుకు రావడం లేదు అన్నదే. మాంసాన్ని అరిగించే యాసిడ్ కడుపులో రోజూ తయారవుతుంటే, మాంసంతోనే చేసిన ఆ కడుపు ఎందుకు అరిగిపోదు? లోపలి గోడ మీద జిగురు పొర ఒకటి ఉంటుంది, ఆ పొరలో బైకార్బనేట్ ఉండి తనదాకా వచ్చిన యాసిడ్‌ను విరిచేస్తుంది. కింద కణాలు కొన్ని రోజులకోసారి పాతవి రాలి కొత్తవి వస్తుంటాయి, రక్తప్రసరణ బాగా ఉండి గీతలు పడినా వెంటనే మానుతుంటాయి. ఈ కాపలా అంతా నడిపించేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు, పేరు గుర్తుంచుకోండి, నొప్పి మాత్రల దగ్గర మళ్లీ వస్తుంది. కాబట్టి అల్సర్‌లో యాసిడ్ ఎక్కువవడం కథలో సగమే, కాపలా దెబ్బతినడం మిగతా సగం. చాలామందికి యాసిడ్ మామూలుగానే ఉంటుంది, అయినా అల్సర్ వస్తుంది.

బ్యాక్టీరియా సంగతి. యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని వైద్యులు చాలా కాలం గట్టిగా నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979లో కడుపు బయాప్సీల్లో, అంటే పరీక్ష కోసం కడుపు గోడ నుంచి తీసిన చిన్న ముక్కల్లో, వంకర తిరిగిన బ్యాక్టీరియాను గమనించాడు. తర్వాత బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిసి దాన్ని ల్యాబ్‌లో పెంచడానికి ప్రయత్నిస్తే ఎంతకీ పెరగలేదు. రెండు రోజుల్లో ఏమీ రాకపోతే ప్లేట్లు పారేయడం అప్పట్లో పద్ధతి. 1982లో ఈస్టర్ సెలవులకు ప్లేట్లు అలాగే ఇన్‌క్యుబేటర్‌లో ఉండిపోయాయి, తిరిగొచ్చి చూస్తే పెరిగి ఉంది. అంటే దానికి కావాల్సింది ఇంకో రెండు మూడు రోజుల టైమే. అయినా ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తనే తాగేశాడు, కొన్ని రోజుల్లో వాంతులు, నోటి దుర్వాసన, ఎండోస్కోపీ చేస్తే కడుపు గోడ వాచిపోయి ఉంది. చాలాచోట్ల ఆయనకు అల్సర్ వచ్చిందని రాస్తారు, అది తప్పు, వచ్చింది గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు గోడ వాపు. ఇద్దరికీ 2005లో నోబెల్ ఇచ్చారు.

ఈ హెచ్. పైలోరి చేసే పని చూస్తే తెలివికి ముచ్చటేస్తుంది. యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరగ్గొట్టి తన చుట్టూ అమ్మోనియా తయారు చేసుకుంటుంది, అది యాసిడ్‌ను చల్లార్చేస్తుంది. ఆ గొడుగు కింద ఈదుకుంటూ జిగురు పొరలోకి దూరి ఏళ్ల తరబడి కాపురం పెడుతుంది. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచి నోటి ద్వారా వస్తుంది. కడుపు కింది భాగంలో వాపు పుట్టిస్తే గ్యాస్ట్రిన్ అనే హార్మోను పెరిగి యాసిడ్ ఎక్కువై డుయోడినమ్ మీద పడుతుంది. మీకు వచ్చింది ఆ చోటే కాబట్టి నా మొదటి అనుమానం దీని మీదే.

"మరి ఇంట్లో అందరికీ ఉంటే నాకే ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. ప్రపంచంలో దాదాపు సగం మందిలో ఈ బ్యాక్టీరియా ఉంటుందని చాలాకాలంగా లెక్క, వాళ్లలో అల్సర్ వచ్చేది పదిమందిలో ఒకరికి, కాస్త అటూ ఇటూ. బ్యాక్టీరియా రకం, మనిషి శరీరం స్పందించే తీరు, సిగరెట్లు, పక్కన పడే మాత్రలు, ఇవన్నీ కలిసి ఎవరికి వస్తుందో తేలుస్తాయి. అది ఒంట్లో ఉన్నంత మాత్రాన అల్సర్ వచ్చి తీరుతుందని కాదు. కానీ అల్సర్ ఉన్న మనిషిలో అది కనబడితే మాత్రం వదలకూడదు. అదీగాక, దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, చేర్చింది.

ఇక నొప్పి మాత్రలు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఆస్పిరిన్ ఈ కుటుంబం. ఇందాక ప్రోస్టాగ్లాండిన్లు అన్నాను కదా, ఒంట్లో నొప్పి, వాపు తెచ్చేవీ అవే, కడుపుకి కాపలా కాసేవీ అవే. ఆస్పిరిన్ లాంటివి వాటి తయారీని ఆపడం ద్వారా పనిచేస్తాయని 1971లో జాన్ వేన్ చూపించాడు. మోకాలు నొప్పి తగ్గించే పనిలోనే కడుపు కాపలావాణ్ణి కూడా ఇంటికి పంపేస్తాయన్నమాట. మాత్ర కడుపులో తగిలి గోకడం వల్లే కాదు, ముఖ్యంగా రక్తంలోకి వెళ్లాక చేసే పని ఇది. అందుకే ఇంజెక్షన్ తీసుకున్నా, పైన కోటింగ్ ఉన్న మాత్ర వేసుకున్నా, తిన్నాక వేసుకున్నా ప్రమాదం పోదు. తిన్నాక వేసుకుంటే మంట తక్కువ అనిపించొచ్చు, అల్సర్ రాదన్న హామీ లేదు. చర్మం మీద రాసుకునే జెల్ రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది కాబట్టి దానితో ఈ భయం తక్కువ. పారాసెటమాల్ ఈ కుటుంబం కాదు, చెప్పిన మోతాదులో వాడితే కడుపు వరకు చాలా మేలు.

ఒక కేసు చెప్తాను. డెబ్బై దాటిన పెద్దావిడ, రక్తం తక్కువగా ఉందని పంపించారు. ఎండోస్కోపీ చేస్తే కడుపు కింది భాగంలో రెండు అల్సర్లు. "అమ్మా, మాత్రలేమైనా వాడుతున్నారా?" "బీపీకి ఒకటి, అంతే." "నొప్పులకు?" "అబ్బే, ఏమీ లేదు నాయనా." వాళ్లమ్మాయిని ఇంటికెళ్లి మాత్రల సంచీ తెమ్మన్నాను. గుడ్డ సంచీ, పైన ముడి. విప్పి బల్ల మీద పోస్తే నాలుగు రకాల అట్టలు, వాటిలో రెండు వేర్వేరు పేర్లతో ఉన్న ఒకే డైక్లోఫెనాక్, సగం సగం చింపినవి. ఆవిడ నావైపు చూసి, "ఇవి మందులు కావు కదా, కాళ్లు లాగినప్పుడు వేసుకునేవి" అంది. అబద్ధం చెప్పలేదు పాపం. రోజూ డాక్టరు రాసిచ్చింది వేసుకుంటే మందు, తనంతట తాను కొనుక్కుని వేసుకుంటే మందు కాదు, చాలామంది లెక్క ఇదే. అప్పటినుంచి నేను "మాత్రలు వాడుతున్నారా" అని అడగడం మానేశాను. "తలనొప్పి వస్తే ఏం వేసుకుంటారు, ఒళ్లు నొప్పులకు ఏం వేసుకుంటారు, జ్వరానికి ఏం వేసుకుంటారు, నెలసరి నొప్పికి ఏం వేసుకుంటారు" అని ఒక్కొక్కటీ అడుగుతాను.

ఆవిడకు కడుపునొప్పి అసలు లేదని గమనించండి. నొప్పి మాత్రల అల్సర్లలో ఇది మామూలే, నొప్పిని కూడా ఆ మాత్రే కప్పేస్తుంది కాబోలు, మొదటి కబురే రక్తస్రావం రూపంలో వస్తుంది. వయసు 65 దాటినవాళ్లు, ఇంతకుముందు అల్సర్ వచ్చినవాళ్లు, స్టెరాయిడ్లు గానీ రక్తం పలచబడే మందులు గానీ పక్కన వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అలాగని గుండె కోసం చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. గుండె డాక్టరును అడక్కుండా ఆపితే కడుపును కాపాడబోయి గుండె మీదికి తెచ్చుకున్నట్టే. కడుపుకి రక్షణగా యాసిడ్ తగ్గించే మాత్ర పక్కన వేసుకుంటూ కొనసాగించే దారి ఉంది.

టెన్షన్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నంతా దాని చుట్టూనే ఉంది. టెన్షన్‌కీ అల్సర్‌కీ సంబంధమే లేదని కొట్టిపారేసే డాక్టర్లు ఉన్నారు, నేను అంత దూరం వెళ్లను. జపాన్‌లో 1995 జనవరిలో కోబే భూకంపం వచ్చాక అల్సర్లు, ముఖ్యంగా రక్తం కారే అల్సర్లు, పెరిగాయని అక్కడి వైద్యులు గమనించారు. ఎక్కువమందిలో బ్యాక్టీరియా ముందే ఉంది, భూకంపం దానికి తోడైంది. ఒళ్లు బాగా కాలినవాళ్లకు, తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లకు, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు వచ్చే అల్సర్లను కూడా స్ట్రెస్ అల్సర్లనే అంటాం, కానీ అక్కడ స్ట్రెస్ అంటే శరీరం మీద పడిన దెబ్బ, కడుపుకు రక్తం సరిగ్గా అందకపోవడం. మేనేజరు పెట్టే బాధ కాదు. మామూలు ఆఫీసు టెన్షన్ నిప్పు రాజేయదు, రాజుకున్నదాన్ని ఎగదోయొచ్చు. టెన్షన్‌లో ఉన్న మనిషి చేసే పనులు ఇంకా ఎక్కువ ఎగదోస్తాయి: నిద్ర పాడు చేసుకుంటాడు, సిగరెట్లు పెంచుతాడు, తలనొప్పికి మాత్ర వేసుకుంటాడు.

కారం గురించి ఒక్క ముక్క. అల్సర్ పుట్టించదు. ఉన్న పుండు మీద మంట పుట్టించొచ్చు, పుట్టిస్తే తగ్గించుకోండి, లేకపోతే మీ ఇష్టం. కాఫీ కూడా అంతే.

వేళకు తినకపోవడం వల్ల వచ్చిందనడంలో ఒక తమాషా ఉంది. డుయోడినమ్ అల్సర్ ఉన్నవాళ్లకు కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, ముఖ్యంగా రాత్రి ఒంటిగంట రెండు గంటలకు నొప్పి వస్తుంది, తింటే తగ్గుతుంది. దాంతో "తినకపోతే వస్తోంది, కాబట్టి తినకపోవడం వల్లే వచ్చింది" అనుకుంటారు. పుండు ముందే ఉంది, ఖాళీ కడుపు దాన్ని బయటపెట్టిందంతే. పాలు తాగితే హాయిగా ఉందని రాత్రిళ్లు గ్లాసులకు గ్లాసులు తాగేవాళ్లూ ఉన్నారు. పాలు కాసేపు యాసిడ్‌ను విరుస్తాయి నిజమే, కానీ వాటిలోని ప్రొటీను, కాల్షియం వల్ల తర్వాత యాసిడ్ ఇంకా ఊరుతుంది. ఒకప్పుడు డాక్టర్లే గంటగంటకూ పాలూ మీగడా ఇచ్చి నెలల తరబడి వైద్యం చేసేవారు, కాబట్టి మీ పెద్దవాళ్లు పాలు తాగమంటే విసుక్కోకండి, వాళ్లకు ఆ సలహా మా వాళ్లిచ్చిందే.

సిగరెట్ మీకు లేదన్నారు, చదివే మిగతావాళ్ల కోసం: అది పుండును మాననివ్వదు, మానినా మళ్లీ రప్పిస్తుంది. ఈ రెండు పెద్ద కారణాలూ కాక అరుదైనవి కొన్ని ఉన్నాయి. గ్యాస్ట్రిన్‌ను విపరీతంగా ఊరించే గడ్డ, దాన్ని 1955లో వర్ణించిన జోలింజర్, ఎల్లిసన్ల పేరుతో పిలుస్తాం. పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు, ఎముకల బలానికి వాడే కొన్ని మాత్రలు కూడా ఈ కోవలోవే. ఎంత వెతికినా కారణం దొరకనివాళ్లు కూడా కొందరుంటారు. కానీ అక్కడికి వెళ్లేది మొదటి రెండింటినీ నిజంగా వెతికాక మాత్రమే.

ఆ "నిజంగా" అన్నమాట ఎందుకు అన్నానో చెప్పడానికి నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒకావిడకు డుయోడినమ్ అల్సర్. ఎండోస్కోపీలోనే కడుపు గోడ నుంచి బియ్యపు గింజలో సగమంత ముక్క తీసి యూరియా ఉన్న పసుపు రంగు జెల్‌లో వేస్తాం, బ్యాక్టీరియా ఉంటే అది గులాబీ రంగులోకి తిరుగుతుంది. ఆవిడది పసుపుగానే ఉండిపోయింది. నెగెటివ్ అని రాసి, టెన్షన్ తగ్గించుకోండి అని మీకు అందరూ చెప్తున్న సలహానే చెప్పి పంపాను. ఏడాది తిరక్కుండా నల్ల విరేచనాలతో వచ్చింది. అప్పుడు తేలింది, మొదటిసారి పరీక్ష నాటికి ఆవిడ నెల రోజులుగా పాంటోప్రజోల్ వేసుకుంటోంది, నేను అడగలేదు. యాసిడ్ తగ్గించే ఈ రకం మాత్రలు బ్యాక్టీరియాను చంపవు, పరీక్షకు దొరక్కుండా దాచేస్తాయి. వాటిని కనీసం రెండు వారాలు, యాంటీబయాటిక్స్‌ను నాలుగు వారాలు ఆపాకే పరీక్ష నమ్మదగ్గది. ఎప్పుడు ఆపాలో డాక్టరును అడిగే ఆపండి. రక్తం కారుతున్న సమయంలో చేసినా తప్పుగా నెగెటివ్ రావొచ్చు. రక్త పరీక్షలో యాంటీబాడీలు చూసి చెప్పేదాన్ని నేను పట్టించుకోను, అది పాత ఇన్ఫెక్షన్‌కీ ఇప్పటిదానికీ తేడా చెప్పలేదు. మలం పరీక్ష, ఊపిరి పరీక్ష మంచివి.

కాబట్టి మీ రిపోర్టు తీసి చూడండి. యూరియేజ్ పరీక్ష (ఇందాక చెప్పిన పసుపు జెల్ పరీక్ష) చేశారా, బయాప్సీ పంపారా, అప్పటికి ఏం మాత్రలు వాడుతున్నారు? పాజిటివ్ అయితే రెండు మూడు యాంటీబయాటిక్స్, యాసిడ్ మాత్ర, చాలాసార్లు బిస్మత్ అనే మందు కూడా కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. ఏవేవి అన్నది మీ డాక్టరే నిర్ణయించాలి, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియా చాలాచోట్ల పెరిగిపోయింది కాబట్టి పక్కింటాయన చీటీ మీకు పనికిరాదు. నోరు చేదుగా, లోహం నాకినట్టు ఉంటుంది, కడుపు తిప్పుతుంది, ఐదో రోజుకి నొప్పి పోతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపితే మిగిలిన బ్యాక్టీరియా ఆ మందుకు మొండికేస్తుంది, రెండోసారి వైద్యం కష్టం. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, అది పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించుకోండి. నొప్పి తగ్గడం, బ్యాక్టీరియా పోవడం ఒకటి కాదు. ఈ చివరి పరీక్ష చేయించుకోమంటే సగం మంది తిరిగి రారు.

క్యాన్సర్ భయం ఉంటే, డుయోడినమ్ అల్సర్ క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు. కడుపులో వచ్చిన అల్సర్ సంగతి వేరు, దానికి బయాప్సీ తీయాలి, సాధారణంగా రెండు మూడు నెలల తర్వాత మానిందో లేదో మళ్లీ కెమెరా వేసి చూస్తాం.

వీటిలో ఏది కనిపించినా ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లండి: తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో విరేచనం, రక్తం గానీ కాఫీ పొడిలాంటిది గానీ వాంతి, ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి పొట్ట చెక్కలా బిగుసుకుపోవడం, నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం. ఐరన్ మాత్రలకీ బిస్మత్‌కీ కూడా మలం నల్లబడుతుంది, కానీ అది జిగటగా తారులా ఉండదు. తేడా తెలియకపోతే వెళ్లి చూపించుకోవడమే మేలు.

ఇక మీరు మధ్యలో రాసిన ఆ ఒక్క ముక్క దగ్గరికి వస్తాను. మీ ప్రశ్న మొత్తంలో నా కన్ను ఆగింది అక్కడే. టెన్షన్‌తో తరచూ తలనొప్పి అన్నారు. దానికి ఏం వేసుకుంటున్నారో రాయలేదు. అట్ట మీద పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూసి, వారానికి ఎన్ని వేసుకుంటారో, ఎన్ని నెలలుగానో కింద రాయండి.